పాలస్తీనా జెండా: మీరడిగినవి

క్రితం సంచికలో ప్రపంచ జెండాల రంగుల పేజీ వేశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాలస్తీనా జెండా గురించే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఈ జెండాను మార్క్ సైక్స్ అనే ఇంగ్లీషు దొర గీశాడని ఒకచోట చదివాను. కాదు, అరబ్బు యువకులే తయారు చేసుకున్నారని మరోచోట ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రంగులు ఎవరివి, వాటి అమరిక ఎవరిది అని విడదీసి చూస్తే చిక్కు చాలావరకు వీడుతుంది. నలుపు, తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు కలిస్తే అరబ్బుల గుర్తు అవుతుందన్న ఊహ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే ఉంది. అప్పటికి అరబ్బు నేల చాలావరకు ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలో ఉండేది. 1909లో ఇస్తాంబుల్‌లో అరబ్బు విద్యార్థులు పెట్టుకున్న సాహిత్య సంఘం, 1911లో పారిస్‌లో రహస్యంగా మొదలైన అల్ ఫతాత్ సంఘం, ఈ రెండింటికీ ఆ ఘనత ఆపాదిస్తారు.

1916 జూన్‌లో మక్కా షరీఫ్ (అక్కడి పాలకుడి బిరుదు) హుసేన్ బిన్ అలీ తుర్కుల మీద తిరుగుబాటు లేవదీశాడు. ఏడాది తిరిగాక, 1917 జూన్‌లో, తిరుగుబాటు వార్షికోత్సవం నాడు ఈ నాలుగు రంగుల జెండా అధికారికంగా ఎగిరింది. దీన్ని ఇలా పట్టీలుగా, త్రికోణంగా అమర్చడంలో బ్రిటిష్ అధికారి సైక్స్ చెయ్యి ఉందని చాలామంది చరిత్రకారులు రాశారు. అరబ్బు ప్రాంతాలను బ్రిటన్, ఫ్రాన్స్‌లు పంచుకోవడానికి 1916లో కుదిరిన రహస్య ఒప్పందం మీద ఉన్నది కూడా ఈ సైక్స్ పేరే. అరబ్బుల స్వాతంత్ర్యానికి జెండా గీసిన చేత్తోనే వాళ్ల నేలకు గీతలు గీశాడన్న ఎత్తిపొడుపు అందుకే వచ్చింది.

ఒక తేడా గమనించండి. తిరుగుబాటు జెండాలో పట్టీలు పైనుంచి కిందికి నలుపు, ఆకుపచ్చ, తెలుపు. ఇవాళ్టి పాలస్తీనా జెండాలో నలుపు, తెలుపు, ఆకుపచ్చ. రెండింటిలోనూ కర్రవైపు ఎర్ర త్రికోణం. పాత ఫొటో కింద ‘పాలస్తీనా జెండా’ అని రాసి ఉంటే ముందు మధ్య పట్టీ చూడండి.

ప్రశ్న: నాలుగు రంగులకూ అర్థాలేమిటి? ఎరుపు అమరుల రక్తం, ఆకుపచ్చ ఆలివ్ తోటలు అంటున్నారు. నిజమేనా?

జవాబు: అది జనం చెప్పుకునే అర్థం. జనం నోట నిలిచింది కాబట్టి తప్పని కొట్టేయలేం గానీ, జెండా పుట్టినప్పుడు చెప్పింది అది కాదు. అప్పటి వివరణ రాజవంశాల లెక్క. నలుపు బాగ్దాద్ నుంచి ఏలిన అబ్బాసీలది (750–1258), తెలుపు దమాస్కస్ ఉమయ్యాలది (661–750), ఆకుపచ్చ ఫాతిమీలది (909–1171), ఎరుపు షరీఫ్ హుసేన్ పుట్టిన హాషిమీ వంశానిది.

ఇందులో అబ్బాసీల నలుపు ఒక్కటే తిరుగులేని సంగతి. వాళ్ల జెండాలూ, కొలువు దుస్తులూ నల్లనివే. ఫాతిమీల దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పుతుంది. కైరోలో వాళ్ల ఊరేగింపుల రంగు తెలుపు, అదీ అబ్బాసీల నలుపుకు పోటీగా ఎంచుకున్నది. ఆకుపచ్చ ప్రవక్త కుటుంబానికి గుర్తుగా తర్వాతి కాలంలో బలపడింది. కాబట్టి వంశాల పట్టికను 1910ల నాటి అరబ్బు జాతీయవాదులు గతాన్ని తమకు కావలసినట్టు పేర్చుకున్న తీరుగా చూడాలే తప్ప మధ్యయుగాల చరిత్రగా బట్టీ పట్టకూడదు.

రెండో ఆధారం కవిత్వం. ఇరాక్‌లోని హిల్లా పట్టణానికి చెందిన సఫీ అల్ దీన్ అల్ హిల్లీ 14వ శతాబ్దపు కవి. మా పనులు తెల్లనివి, మా యుద్ధాలు నల్లనివి, మా బీళ్లు పచ్చనివి, మా కత్తులు ఎర్రనివి అని గొప్ప చెప్పుకునే పద్యపాదం ఒకటి ఆయనది. నాలుగు రంగులూ ఒకే పాదంలో దొరుకుతాయి. అరబ్బు బడిపిల్లలకు ఈ పాదం నోటికొచ్చు. జెండా గురించి అడిగితే వంశాల పేర్లకంటే ముందు ఇదే అప్పజెబుతారు.

ప్రశ్న: 1948కి ముందు పాలస్తీనాలో ఏ జెండా ఎగిరేది?

జవాబు: 1917–18 దాకా ఒట్టోమన్ జెండా. ఆ తర్వాత బ్రిటిష్‌వాళ్లు వచ్చారు కాబట్టి సర్కారు భవనాల మీద యూనియన్ జాక్. అక్కడి రేవుల్లో నమోదైన ఓడలకు మాత్రం 1927 నుంచి వేరే జెండా ఉండేది. ఎర్ర బట్ట, మూలన యూనియన్ జాక్, ఎగిరే వైపు తెల్లటి వృత్తంలో ఇంగ్లీషులో ‘పాలస్తీన్’ అనే పేరు. దీని బొమ్మ చూపించి ‘ఇదే అసలు పాలస్తీనా జెండా’ అని వాదించేవాళ్లున్నారు. అది ఓడల గుర్తింపు కోసం పెట్టింది, దాని కింద ఊరేగింపు తీసినవాళ్లు లేరు.

జనం వెతుక్కున్న జెండా కథ ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. యాఫా నుంచి 1911లో మొదలైన ‘ఫలస్తీన్’ పత్రికలో 1929లో దేశానికి జెండా ఎలా ఉండాలన్న చర్చ నడిచింది. పాఠకులు సొంత నమూనాలు గీసి పంపారు. అరబ్బుల నాలుగు రంగులకు తోడు కొందరు నారింజ రంగు కలిపారు. యాఫా నారింజ పళ్లు అప్పటికే ఓడలెక్కి యూరప్ వెళ్లే సరుకు. కొన్ని నమూనాల్లో నెలవంక లోపల శిలువ పెట్టారు, ముస్లింలూ క్రైస్తవులూ ఒక్కటేనని చెప్పడానికి. నారింజ ఆ కాగితాల మీదే ఆగిపోయింది. నెలవంక, శిలువ జంట మాత్రం బ్రిటిష్ పాలన మీద అరబ్బులు చేసిన 1936–39 తిరుగుబాటు రోజుల్లో జెండాల మీద మళ్లీ కనిపించింది.

1948 సెప్టెంబర్ చివర్లో గాజాలో ‘అఖిల పాలస్తీనా ప్రభుత్వం’ ఏర్పడి అరబ్బు తిరుగుబాటు జెండానే తనదిగా ప్రకటించుకుంది. ఆ ప్రభుత్వం చేతిలో నేలా లేదు, సైన్యమూ లేదు. గాజా ఈజిప్టు అధీనంలో ఉండిపోయింది, వెస్ట్ బ్యాంక్‌ను 1950లో జోర్డాన్ కలిపేసుకుంది. 1964లో జెరూసలేంలో పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్‌వో) పుట్టినప్పుడు ఈ జెండా దాని జెండా అయింది. 1988 నవంబర్ 15న అల్జీర్స్‌లో స్వతంత్ర దేశ ప్రకటన చేశాక దేశం జెండా అయింది. ఇప్పటి మౌలిక చట్టం (2003) ఎనిమిదో అధికరణం కూడా, నాలుగు రంగులతో, పీఎల్‌వో ఆమోదించిన కొలతల్లో ఉన్నదే దేశ జెండా అంటుంది.

ప్రశ్న: జోర్డాన్ జెండాకూ దీనికీ నక్షత్రం ఒక్కటేనా తేడా?

జవాబు: కాదు, త్రికోణం కూడా. జోర్డాన్ జెండాలో ఎర్ర త్రికోణం మొన పొడవులో సగం దాకా వస్తుంది, పాలస్తీనాలో మూడోవంతు దగ్గరే ఆగుతుంది. నక్షత్రం బట్ట మడతలో దాగిపోయినా త్రికోణం పొడవు చూసి పోల్చవచ్చు. జోర్డాన్ నక్షత్రానికి ఏడు మొనలు, ఖురాన్ మొదటి అధ్యాయంలోని ఏడు వాక్యాలకు గుర్తు. 1928 నుంచి ఉంది.

పశ్చిమ సహారా జెండాలో పట్టీలూ త్రికోణమూ ఇవే, మధ్యలో ఎర్ర నెలవంక, నక్షత్రం అదనం. సూడాన్‌లో త్రికోణం ఆకుపచ్చ. పత్రికలవాళ్లకు పనికొచ్చే హెచ్చరిక ఒకటి: పాలస్తీనా జెండాను తలకిందులుగా వేస్తే పైన ఆకుపచ్చ, కింద నలుపు, పక్కన ఎరుపు వస్తాయి. దూరం నుంచి చూసేవారికి అది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జెండా అనిపిస్తుంది. అక్కడ ఎరుపు త్రికోణం కాదు, నిలువు పట్టీ.

ఇంకా దగ్గరి పోలిక కావాలంటే 1958కి వెళ్లాలి. ఇరాక్, జోర్డాన్ కలిసి ఏర్పరచుకున్న అరబ్ సమాఖ్య జెండా దాదాపు ఇదే. ఆ ఏడాది జులైలో ఇరాక్‌లో తిరుగుబాటు వచ్చి సమాఖ్య ఆరు నెలలైనా నిలవలేదు. తర్వాత సిరియా, ఇరాక్‌లను ఏలిన బాత్ పార్టీ జెండా కూడా దాదాపు ఇదే. అంటే 1960ల వరకు ఈ జెండా చూసినవాడు ‘అరబ్బులది’ అనుకునేవాడు. ‘పాలస్తీనావాళ్లది’ అనుకోవడం ఆ తర్వాతి మాట. అలా అనుకునేలా చేయడంలో కింద చెప్పబోయే నిషేధానికి పెద్ద వాటా ఉందని మా అభిప్రాయం.

ప్రశ్న: ప్రదర్శన కోసం బట్టతో కుట్టాలనుకుంటున్నాం. సరైన కొలతలు, కుట్టే పద్ధతి చెబుతారా?

జవాబు: పొడవు ఎత్తుకు రెండింతలు, పట్టీలు మూడూ సమానం, త్రికోణం మొన పొడవులో మూడోవంతు దగ్గర. 180 సెంటీమీటర్ల పొడవు, 90 ఎత్తు తీసుకుంటే లెక్క సాఫీగా కుదురుతుంది. ఒక్కో పట్టీ 30. మొన కర్రవైపు అంచు నుంచి 60 లోపలికి, ఎత్తులో సరిగ్గా సగాన, అంటే 45 దగ్గర. ఏటవాలు అంచులు రెండూ టేపు పెట్టి కొలిస్తే 75 చొప్పున రావాలి (45, 60, 75 అంటే బడిలో చదివిన 3–4–5 త్రికోణమే). రాలేదంటే మొన జరిగింది. మరో పరీక్ష: నలుపు, తెలుపు కలిసే కుట్టు త్రికోణాన్ని కర్రవైపు అంచు నుంచి 40 దగ్గర తాకాలి, తెలుపు, ఆకుపచ్చ కలిసే కుట్టూ అంతే. కాగితం మీద గీసే పిల్లలకు 24కి 12 వీలు: పట్టీ 4, మొన 8, ఏటవాలు అంచు 10.

పట్టీలు ఒక్కోటి 186 పొడవు, 33 వెడల్పు కత్తిరించుకోండి. అన్ని వైపులా కుట్టులోకి పోయేది 1.5, ఎగిరే అంచున మాత్రం 4.5 వదిలితే అక్కడ రెండు మడతలు పెట్టి మూడు వరుసలు కుట్టొచ్చు. జెండా ముందు చిరిగేది ఆ అంచే, గాలికి కొట్టుకునేది అదే కాబట్టి. త్రికోణానికి చుట్టూ 1.5 వదలండి. కర్రకు తొడిగే మందపాటి బట్టను విడిగా కుట్టాలి, దాన్ని 180లో కలపొద్దు.

కత్తెర పట్టే ముందు ఎర్ర బట్టను, నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతికి ఆరబెట్టండి. ఈ పని మానేస్తే మొదటి వానకే తెల్ల పట్టీ గులాబీ రంగుకు తిరుగుతుంది. ముందు మూడు పట్టీలూ కలిపి, కుట్టులోని అంచులను ఇస్త్రీతో ముదురు రంగు వైపుకు మడవాలి. తెలుపు వైపుకు మడిస్తే నల్లటి చార ముందుకు కనిపిస్తుంది. తర్వాత త్రికోణాన్ని పైన పరిచి, ఏటవాలు అంచుల్ని లోపలికి మడిచి కుట్టండి. కుట్టాక వెనక్కి తిప్పి, ఎరుపు కింద ఉండిపోయిన నలుపు, తెలుపు, ఆకుపచ్చ బట్టను కుట్టు నుంచి ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించేయాలి. ఎక్కువమంది వదిలేసే పని ఇదే. అలా వదిలేస్తే వెలుతురులో ఎరుపు మూడు ఛాయల్లో కనిపిస్తుంది, వెనకవైపు త్రికోణమే ఉండదు.

ఏటవాలుగా కోసిన బట్ట లాగితే సాగుతుంది. మొన వంకర పోవడానికి కారణం అదే. కుట్టే ముందే ఏటవాలు అంచుల వెంట మిషను మీద ఒక వరుస కుట్టేస్తే సాగదు. ఆరుబయట ఎగరేయాలంటే నూలు కంటే పాలిస్టర్ నయం, తడిసినా బరువెక్కదు.

గోడకు నిలువుగా వేలాడదీస్తే కర్రవైపు అంచు పైకి పెట్టి, నలుపు చూసేవారి ఎడమకు వచ్చేలా చూడండి. జెండాలన్నింటికీ మామూలుగా పాటించే పద్ధతే ఇది.

ప్రశ్న: ఈ జెండాకు బదులు పుచ్చకాయ బొమ్మ పెడుతున్నారు. పుచ్చకాయ ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: 1967 జూన్ యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ చేతికి వచ్చాయి. ఆగస్టు 27న వెస్ట్ బ్యాంక్ సైనిక కమాండర్ 101వ నంబరు ఉత్తర్వు జారీ చేశాడు. అనుమతి లేకుండా జెండాలు గానీ రాజకీయ చిహ్నాలు గానీ పట్టుకోకూడదు, ఊపకూడదు, తగిలించకూడదు. మీరితే పదేళ్ల దాకా జైలు. పాలస్తీనా పేరెత్తకుండా ‘జెండాలు’ అన్నారు, దెబ్బ మాత్రం ఒక్క జెండాకే తగిలింది.

1980లో రమల్లాలోని గ్యాలరీ 79లో చిత్రకారులు స్లిమాన్ మన్సూర్, నబీల్ అనానీ, ఇసామ్ బద్ర్‌ల ప్రదర్శనను సైన్యం మూయించింది. తర్వాత అధికారి వాళ్లను పిలిపించి, రాజకీయ బొమ్మలు వద్దు, జెండా రంగులు వాడొద్దు అన్నాడట. ఆ నాలుగు రంగులతో పువ్వు వేస్తే? అని బద్ర్ అడిగాడు. అదీ జప్తు చేస్తాం, పుచ్చకాయ వేసినా జప్తు చేస్తాం అని జవాబు. మన్సూర్ ఇంటర్వ్యూల్లో చెబుతూ వచ్చిన సంగతి ఇది. అంటే పుచ్చకాయ పేరు ముందు తీసింది చిత్రకారులు కాదు, అధికారి. కోసిన ముక్కలో ఎర్రటి గుజ్జు, నల్లటి గింజలు, తెల్లటి లోతొక్క, ఆకుపచ్చటి పైతొక్క ఉంటాయి కదా, అంతకంటే చెప్పేదేముంది.

కోసిన పుచ్చకాయలు పట్టుకు తిరిగినందుకు గాజా కుర్రాళ్లను అరెస్టు చేసేవారని 1993లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. నిర్ధారణ దొరకలేదని తర్వాత ఆ పత్రికే చెప్పుకుంది. ఈ ముక్క చాలా వ్యాసాల్లో రుజువైన నిజంలా తిరుగుతోంది, జాగ్రత్త. 1987 డిసెంబర్‌లో మొదలైన మొదటి ఇంతిఫాదాలో (ఇజ్రాయెల్ ఆక్రమణ మీద పాలస్తీనా జనం తిరుగుబాటు) జనం నిజంగా చేసిన పని వేరు. జెండాకు రాయి కట్టి కరెంటు తీగల మీదికి విసిరేవారు. దాన్ని దించడానికి సైనికులు దారిన పోయేవాళ్లను స్తంభాలు ఎక్కించేవారు.

1993 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్, పీఎల్‌వోల మధ్య ఓస్లో ఒప్పందం మీద సంతకాలయ్యాక నిషేధం సడలింది. పుచ్చకాయ కథను 2007లో పాలస్తీనా చిత్రకారుడు ఖాలిద్ హౌరానీ బొమ్మగా వేశాక అది మళ్లీ ప్రచారంలోకి వచ్చింది. 2023 జూన్‌లో టెల్ అవీవ్ టాక్సీల మీద ఒక పౌర సంఘం పుచ్చకాయ ముక్క బొమ్మ అంటించి, ‘ఇది పాలస్తీనా జెండా కాదు’ అని పక్కన రాసింది. ఆ అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలయ్యాక ఫోన్లలో ఆ బొమ్మ ఎంత వ్యాపించిందో మీకు తెలిసిందే.

ప్రశ్న: అయితే ఇప్పుడు అక్కడ జెండా ఎగరేయొచ్చా?

జవాబు: పాలస్తీనా అథారిటీ (ఓస్లో ఒప్పందంతో ఏర్పడిన స్వపాలన ప్రభుత్వం) నడిపే పట్టణాల్లో అది అధికారిక జెండా. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ సైన్యం అదుపులో ఉన్న చోట్ల 101వ ఉత్తర్వును ఇప్పటికీ వాడుతున్నారు. ఇజ్రాయెల్‌లోనూ తూర్పు జెరూసలేంలోనూ జెండా పట్టుకోవడమే నేరమని నేరుగా చెప్పే చట్టం లేదు. శాంతిభద్రతల పేరుతో పోలీసులు లాక్కోవచ్చు, లాక్కుంటున్నారు కూడా. 2022 మే 13న జర్నలిస్టు షిరీన్ అబూ అక్లే అంతిమయాత్రలో జనం చేతుల్లోంచి జెండాలు గుంజుకోవడం టీవీల్లో అందరూ చూశారు. 2023 జనవరిలో ఇజ్రాయెల్ భద్రతా మంత్రి ఇతమార్ బెన్ గ్విర్ బహిరంగ స్థలాల్లో ఈ జెండాలు తీసేయాలని పోలీసులను ఆదేశించాడు.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం లేకుండా జెండా ఎలా ఎగురుతోంది?

జవాబు: పాలస్తీనా 2012 నవంబర్ 29 నుంచి సభ్యత్వం లేని పరిశీలక దేశం. అలాంటి దేశాల జెండాలూ ఎగరేయాలన్న తీర్మానాన్ని 2015 సెప్టెంబర్ 10న సర్వసభ్య సభ ఆమోదించింది. అనుకూలం 119, వ్యతిరేకం 8, తటస్థం 45. సెప్టెంబర్ 30న న్యూయార్క్‌లో పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ జెండా ఎగరేశాడు. పాలస్తీనాలో ఆ తేదీ ఇప్పుడు జెండా దినం. అంతకు అయిదు రోజుల ముందు మరో పరిశీలక దేశం వాటికన్ జెండా ఎక్కింది. సభ్యదేశాల వరుస అయ్యాకే ఈ రెండూ ఉంటాయి. పారిస్‌లోని యునెస్కోలో మాత్రం పాలస్తీనాది పూర్తి సభ్యత్వం, అక్కడ 2011 డిసెంబర్‌లోనే ఎగిరింది.

ప్రశ్న: సోషల్ మీడియాలో కనిపించే తలకిందుల ఎర్ర త్రికోణం జెండాలోదేనా? ఊరేగింపుల్లో పచ్చ, పసుపు జెండాలేమిటి?

జవాబు: జెండాలోని త్రికోణం పక్కకు తిరిగి ఉంటుంది. మొన కిందికి ఉన్న ఎర్ర త్రికోణం 2023 చివర్లో హమాస్ సాయుధ విభాగం విడుదల చేసిన వీడియోల్లో గురి పెట్టిన లక్ష్యాన్ని చూపే గుర్తుగా వ్యాపించింది. దాన్ని జెండా భాగమని చెప్పి వాడేవాళ్లున్నారు. చూసేవాళ్లు మాత్రం దాడి గుర్తుగానే తీసుకుంటారు, కాబట్టి పోస్టర్లలో దానికి దూరంగా ఉండడమే మంచిది. తెల్ల అక్షరాల్లో కలిమా (ఇస్లాం విశ్వాస వాక్యం) ఉన్న ఆకుపచ్చ జెండా హమాస్‌ది, పసుపు జెండా ఫతాది. రెండూ పార్టీలవి, దేశానివి కావు.

ప్రశ్న: ఫోన్‌లో జెండా బొమ్మ పంపితే స్నేహితుడి కంప్యూటర్‌లో ‘పీ, ఎస్’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలే వస్తున్నాయి. కావాలని తీసేశారా?

జవాబు: లేదు. జెండా ఎమోజీ అంటే అంతర్జాతీయ దేశసంకేతంలోని రెండు అక్షరాల జంట, పాలస్తీనాకు 1999లో కేటాయించినవి పీ, ఎస్. ఆ జంటను బొమ్మగా మార్చే పని చూసే పరికరానిది. విండోస్ ఏ దేశం జెండానూ బొమ్మగా చూపదు, అక్షరాలే చూపిస్తుంది. మీ స్నేహితుణ్ణి జపాన్ జెండా తెరిచి చూడమనండి, అక్కడా రెండు అక్షరాలే ఉంటాయి. కచ్చితంగా జెండాయే కనిపించాలంటే ఎమోజీకి బదులు ఫొటో పంపండి, పంపే ముందు పొడవు ఎత్తుకు రెండింతలుందో లేదో చూసుకోండి. ఎమోజీల్లో అన్ని దేశాల జెండాలనూ ఒకే చట్రంలో కుదిస్తారు కాబట్టి దాన్ని చూసి కొలతలు తీస్తే జెండా పొట్టిదైపోతుంది.